మూయని పెండ్లి డిస్కు

కదిరమ్మ ఇంట్లో కూతురి పెండ్లివి రెండు డిస్కులు ఉన్నాయి. ఒకటి ఎక్కడ పెట్టినా ఆడుతుంది, రెండోది ఎక్కడ పెట్టినా ఆడదు. ఆడేదాన్ని ఆమె టీవీ వెనక పడేసింది. ఆడనిదాన్ని బీరువాలో తన పెండ్లి చీర మడతల మధ్య దాచింది. నవ్వేవాళ్ళు నవ్వారు. ఎవరి పిచ్చి వారికి ఆనందం అనుకుని ఊరుకున్నారు.

ఆడే డిస్కు సంగతి ముందు చెప్పాలి. పెండ్లయిన కొన్నాళ్ళకు అనంతపురంలో మిక్సింగు చేయించి తెచ్చింది అది. పెట్టగానే కూతురు సునంద, అల్లుడు గులాబీపువ్వు నడుమ నుంచి తొంగి చూస్తారు. వెంటనే సినిమా పాట మొదలవుతుంది. ఇక చివరిదాకా పాట మీద పాట. తాళి కట్టేటప్పుడు ఒకటి, తలంబ్రాలకు ఒకటి, భోజనాల దగ్గర వడ్డించేవాళ్ళ కోసం ఉరుకుల పరుగులది ఇంకొకటి. మన వీడియోవాళ్ళ పుణ్యమా అని పెండ్లికి వచ్చినవాళ్ళంతా నోళ్ళు కదిలిస్తారు గానీ ఒక్కరి మాటా వినపడదు. మంత్రాలు చదివే అయ్యవారు కూడా హీరో గొంతుతోనే చదువుతాడు. అందరిళ్ళలోనూ ఇదే కథ కాబట్టి ఎవరూ ఏమీ అనుకోరు. కదిరమ్మ కూడా అనుకునేది కాదు, మొగుడికి గొంతు ఉన్నన్నాళ్ళూ.

ఆ మొగుడు శ్రీరంగప్ప. ధర్మవరంలో పట్టుచీరలు నేసే మనిషి. శనివారం భజనలో అతను గొంతెత్తితే నాలుగు వీధుల అవతల మగ్గాలు ఆగేవని చెప్పుకుంటారు. అది కాస్త ఎక్కువే. చెప్పేవాడికి వినేవాడు లోకువ. కానీ మంచి గొంతన్నది మాత్రం నిజం. పక్కన తాళాలు వేసే బసప్ప "వాంది జరీ నేసిన గొంతప్పా" అనేవాడు. కదిరమ్మకు భజనల మీద పెద్ద మోజు లేదు. ఆమెకు తెలిసిన గొంతు వేరు. మగ్గం గుంతలో కూర్చుని అతను పొద్దస్తమానం కేకేసేవాడు, "ఏమే కదిరీ, కండెలు" అని. ఆమె వంటింట్లో ఉన్నా, వీధి కొళాయి దగ్గర ఉన్నా ఆ కేక వచ్చి వీపుకు తగిలేది. "నాకేమన్నా చెవుడా, వస్తాండా" అని విసుక్కుంటూ పోయి పట్టుదారం చుట్టిన కండెలు అందించేది. అన్నేళ్ళు విసుక్కున్న ఆ కేక కోసమే ఇప్పుడామె ప్రాణం కొట్టుకుంటోంది.

సునంద పెండ్లి మాఘమాసంలో అయింది. ఉగాది వెళ్ళిన వారానికే శ్రీరంగప్ప గొంతులో రాచపుండు సంగతి బయటపడింది. బెంగళూరు ఆసుపత్రిలో గొంతుపెట్టెను మొత్తంగా తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. మెడ కింద చిన్న రంధ్రం పెట్టారు, ఊపిరంతా దాంట్లోంచే. దాని మీద పలుచటి తెల్లగుడ్డ కట్టుకుని అతను ఇప్పటికీ మగ్గంలో దిగుతాడు. ఆపరేషను చేసిన డాక్టరు ఆరోజు ఒక మాట అన్నాడు, ఆరునెలలు ముందుగా వచ్చి ఉంటే కరెంటు పెట్టి మాన్పేవాళ్ళం, గొంతు నిలిచేది అని. కదిరమ్మ ఆ మాటను దిగమింగుకుంది. సునంద మింగలేకపోయింది. గోరంట్ల ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న ఆ పిల్ల ఇన్నేళ్ళయినా ఫోనులో అమ్మను అడుగుతూనే ఉంటుంది. "ఆర్నెల్లు ముందు నాయన గొంతు ఎట్లుండేదమ్మా, నీకేమీ తెలీలేదా, నాకెట్ల తెలీలేదమ్మా" అని. పెండ్లి ముందు నాయన బాగానే పిలిచేవాడనీ, తెలియడానికి అప్పుడేమీ లేదనీ కదిరమ్మ చెప్పుకొచ్చేది. ఆమె నమ్మిందే చెప్పేది.

మాట పోయాక ఆలుమగలిద్దరూ సంసారాన్ని మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నారు. రెండు చప్పట్లు కొడితే కండెలు. మిగతాదంతా అతని పెదాల మీద. ఆమె ఆ పెదాలను ఎంతగా చదవడం నేర్చిందంటే, అతను అటు తిరిగి గొణుక్కున్నా దవడ కదలికను బట్టి "నన్నేనా తిడతాండావు" అని అడిగేది. అలా నేర్చుకున్నాకే ఒకనాడు ఏమీ తోచక ఆడే డిస్కు పెట్టుకుంది. పాట మోగుతుండగా పందిట్లో శ్రీరంగప్ప కనిపించాడు. తెల్లపంచె, భుజాన ఉత్తరీయం. కెమెరా వైపు తిరిగి ఎవరినో పిలిచాడు. కదిరమ్మ ఇట్టే చదివేసింది. "ఏమే కదిరీ, అక్షింతలు యాడ పెట్టినావే."

చేతిలో చేట అట్లాగే ఉండిపోయింది. తననే పిలుస్తున్నాడు. మాట కళ్ళకు అందుతోంది, గొంతు చెవికి అందడం లేదు. పైన ఎవరో గాయకుడు వెన్నెల మీద పాడుతున్నాడు. ఆ గాయకుడి మీద ఆమెకు వచ్చినంత కోపం జన్మలో ఎవరి మీదా రాలేదు.

అప్పటినుంచే రెండో డిస్కు మీద మనసు పడింది. పెండ్లిరోజు వీడియో తీసిన నాగేశ్వర అప్పుడే కొత్తగా ఒక మిషను తెచ్చుకున్నాడు. కెమెరాను దానికి తగిలిస్తే పందిట్లో జరిగేదంతా నేరుగా డిస్కులోకి ఎక్కేది. ఆ డిస్కును అదేరోజు చేతిలో పెట్టి, ఇది కటింగు లేనిది, పాటలు కలపనిది అని చెప్పిపోయాడు. కెమెరాలోని క్యాసెట్టు మిక్సింగుకు పోయింది, ఆ తర్వాత దాని మీద ఇంకెవరివో పెండ్లిళ్ళు ఎక్కాయి. అంటే శ్రీరంగప్ప గొంతు భూమి మీద ఎక్కడైనా మిగిలి ఉంటే, ఆ ఆడని డిస్కులోనే మిగిలి ఉంది. సెల్‌ఫోనులో మనుషుల మాటలు దాచుకోవచ్చని వాళ్ళింట్లో తెలిసేనాటికి దాచుకోవడానికి అతని మాటే లేదు.

మొదట తప్పు ప్లేయరుదే అనుకున్నారు. ఇంట్లో ఉన్నది డిస్కును మింగి, కాసేపు గిరగిర తిప్పి, నో డిస్క్ అని ఆకుపచ్చ అక్షరాలు చూపేది. కడుపులో పెట్టుకుని లేదని బొంకే ఆ డబ్బాను చూస్తే కదిరమ్మకు ఒళ్ళు మండేది. పక్కింట్లో పెట్టి చూసింది. చెల్లెలింట్లో పెట్టి చూసింది. చీరలు కొనడానికి కారులో వచ్చిన వ్యాపారిని బతిమాలి కారులో కూడా పెట్టించింది. ఎక్కడికి పోయినా అదే మాట. ఇక సలహాలకు కొదవేముంది. పళ్ళపేస్టుతో రుద్దమని ఒకరు, అరటితొక్కతో తుడవమని ఒకరు. ఒకాయన మాత్రం బాగా తెలిసినవాడిలా కూర్చుని చెప్పాడు. మనం రికార్డు చేసుకునే డిస్కుల్లో రెండు జాతులట, మైనస్సు ఒకటి, ప్లస్సు ఒకటి. ప్లేయర్లు కొన్ని దీన్ని ఒప్పుకుంటాయి, కొన్ని దాన్ని ఒప్పుకుంటాయి. "నీది మైనస్సు డిస్కు, ప్లస్సు ప్లేయరు. జాతకాలు కుదర్లేదక్కా" అన్నాడు. పెండ్లి డిస్కుకే జాతకాలు కుదరకపోతే ఎట్లా అని కదిరమ్మ రెండు జాతులనూ ఒప్పుకునే ప్లేయరు తెప్పించింది. అదీ నో డిస్క్ అనే అంది.

అలా ఏళ్ళు గడిచాయి. ప్లేయర్ల కాలమే వెళ్ళిపోయింది. ఈ మధ్య సునంద పెద్దకూతురు, ఎనిమిదో తరగతి పిల్ల, "తాత గొంతు ఎట్లుండేది" అని తల్లిని అడిగిందట. సునంద ఫోనులో ఏడ్చింది. "ఎట్లుండేదో చెప్పబోతే నాకే గుర్తు రాలేదమ్మా. ఎంత గుర్తు చేసుకున్యా చెవిలోకి రాలేదు. ఆ డిస్కు ఎట్లయినా ఆడించు. ఒక్కసారి వింటే చాలు నాకు." కదిరమ్మ ఆ సాయంత్రమే డిస్కును చీర మడతలోంచి తీసి, కాలేజీ రోడ్డులో కంప్యూటర్లు బాగుచేసే శశికుమార్ దగ్గరకు పోయింది.

శశికుమార్ దాన్ని తన కంప్యూటరులో పెట్టి చూశాడు. పలకలేదు. బయటికి తీసి, వెండివైపు వెలుతురుకు పట్టి వంచి చూపించాడు.

"ఇదో చూడు పెద్దమ్మా. లోపల్నించి ఈడి దాకా రంగు ముదురుగా ఉండాది గదా, అంత మేర బొమ్మ ఉన్నట్టే. ఆడనించి అంచు దాకా ఖాళీ."

"మరి ఉన్నదాన్ని లేదంటాదేమప్పా?"

"రికార్డు చేసినాక డిస్కును మూయల్ల. ఫైనలైజ్ అంటారు. మూస్తేనే అన్ని ప్లేయర్లలో ఆడేది. మూయకుంటే లోపల బొమ్మ యాడ మొదలయితాదో యాడ ఆగుతాదో ప్లేయరుకు తెలీదు. అందుకే లేదంటాది. మైనస్సు గాదు, ప్లస్సు గాదు, దీన్ని ఎవురూ మూయలే."

"ఐతే ఇప్పుడు మూయి."

"నాతో అయ్యేది గాదు పెద్దమ్మా. యా మిషను రాసిందో ఆ మిషనుకే పోవల్ల. అది ఉంటే ఆడతాది. లేకుంటే ఇంగ దీని మీద ఆశ వదులుకోవాల్సిందే."

ఇంటికొచ్చి ఆ మాట చెబితే శ్రీరంగప్ప మగ్గం మీంచి తలెత్తలేదు. ఆమె ముందుకు పోయి నిలబడితే పెదాలు కదిపాడు.

"వద్దులేవే. పాత గొంతు విని ఏం చేస్తావు."

"నీకేమయ్యా, నీ గొంతు నీకు లోపల వినపడతాంటాది. మాకు?"

అతను మళ్ళీ మగ్గం మీదికి వంగాడు. రెండు రోజులు మొహం ముడుచుకుని తిరిగాడు. సునందకు పనికిమాలిన ఆశ పెట్టొద్దన్నాడు, అంతదూరం ఎండలో పోలేనన్నాడు. తన గొంతు తానే వినలేక బాధపడుతున్నాడని కదిరమ్మ అనుకుంది. జాలి పడింది గానీ పట్టు వదల్లేదు. ఆమె పట్టు పడితే ఉడుంపట్టేనని అతనికి తెలుసు. నాగేశ్వర ఇప్పుడు పామిడిలో ఉన్నాడని వాకబు చేసి ఆమె బయలుదేరితే, ఒంటిగా పంపలేక తానూ చెప్పులేసుకున్నాడు.

అనంతపురంలో బస్సు మారి పామిడి చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. దారి పొడుగునా వానకు మొహం వాచిన వేరుశెనగ చేలు. పామిడి దగ్గర పెన్నలో ఇసుక తప్ప ఇంకేమీ లేదు. బస్సులో కదిరమ్మ డిస్కును ఒళ్ళో పెట్టుకుని, ఎండ తగలకుండా కొంగు కప్పింది. కిటికీ పక్కన శ్రీరంగప్ప మెడగుడ్డను చేత్తో అదిమి పట్టుకుని దుమ్ములోంచి ఊపిరి తీసుకుంటున్నాడు. అట్లా అతన్ని లాక్కొచ్చినందుకు ఆమెకు లోపల కలుక్కుమంది. విన్నాక అంతా మరిచిపోతాడులే అని సర్దిచెప్పుకుంది.

నాగేశ్వర నైటీల అంగడి పెట్టుకుని బొద్దుగా తయారయ్యాడు. వీళ్ళను చూసి సంతోషపడ్డాడు. శ్రీరంగప్ప మెడగుడ్డ చూసి మొహం తిప్పుకుని, మళ్ళీ తిప్పి, చేతులు పట్టుకుని కూర్చోబెట్టాడు. వచ్చిన పని వినగానే తొడ చరిచాడు.

"మిషను అటక మీద ఉండాది వదినా. పాత సామాను అని ఇంట్లోవాళ్ళు పారేస్తామంటే నేనే పారేయనీలే. ఐనా ఆ డిస్కును నేను మూయకుండా పోలేదు, అన్నే మూయనీలే."

"ఈయప్పనా?"

"ఈయప్పే. తలంబ్రాలయినాయి, అంతా అయింది. అన్నా, ఇంగ ముగించేదా అని అడిగినా. నా మీదికి గుడ్లురిమె. పెండ్లి పందిట్లో ముగించేదీ మూసేదీ అంటావేమప్పా, నోరు మంచిదయితే ఊరు మంచిది, పదారు దినాల పండగ ఇంగా ఉండాది, తెరిచే పెట్టు, ఆపొద్దు గూడా దీంట్లోనే పట్టుదువు అనె. సరే అని అట్లే ఇచ్చేసినా. పదారో దినం నాకు ఇంగో పెండ్లి తగిలి రాలేకపోతిని."

మన మాటల తీరు తెలిసిందే కదా. అంగడి మూశామనం, కట్టేశామంటాం. దీపం ఆరిపోయిందనం, కొండెక్కిందంటాం. డబ్బాలో బియ్యం అడుగంటితే నిండుకున్నాయంటాం. చెడ్డమాట నోటి వెంట రాకుండా చూసుకోవడంలో మనల్ని మించినవాళ్ళు లేరు. అయితే చెడుకు చెవులుండవు. మనం ఏ పేరు పెట్టి పిలిచినా అది తన పని తాను చేసుకుపోతుంది. శ్రీరంగప్ప ఇలాంటి పట్టింపుల్లో అందరికన్నా ఒకాకు ఎక్కువ చదివినవాడు. యంత్రానికి శుభాశుభాలు ఏమిటని అప్పుడు అతనికి తోచలేదు.

కదిరమ్మకు నవ్వాగలేదు. ఇన్ని ప్లేయర్లు, పేస్టులు, అరటితొక్కలు, మైనస్సులు, ప్లస్సులు, అన్నిటికీ మూలం ఈ మహానుభావుడి నోరేనన్నమాట. "నీ గొంతుకు నువ్వే తాళమేసుకుంటివి గదయ్యా" అని మొగుడి భుజం మీద ఒకటి వేసింది. అతనూ నవ్వాడు, చప్పుడు లేకుండా భుజాలు కదిలేలా. చాలా రోజులకు ఇద్దరూ కలిసి నవ్వుకున్నది అప్పుడే.

నాగేశ్వర అటక ఎక్కి మిషను దించాడు. అంగడి వెనక గదిలో నైటీల మూటల నడుమ పాత లావుపాటి టీవీ ఒకటి ఉంది. దానికి వైర్లు తగిలించాడు. మిషను వెలిగింది గానీ డిస్కు పెట్టే అర బయటికి రాలేదు. గుండుసూది తెచ్చి, చిన్న రంధ్రంలో పొడిచి లాగితే మూలిగి వచ్చింది. డిస్కు లోపలికి పోయింది. కదిరమ్మ కులదేవత పేరు పైకే తలచుకుంది. నాగేశ్వర తన సెల్‌ఫోనును మూటకు ఆనించి టీవీ వైపు తిప్పాడు. "ఇది రికార్డు చేస్తాంటాది వదినా. అంతా అయినాక సునందకు పంపిస్తాం, ఇంగ ఏ ప్లేయరుతో పన్లే."

టీవీ మీద నీలం తెర తొలగి పందిరి వచ్చింది.

పాట లేదు. సన్నాయి, డోలు, గిన్నెల మోత, పిల్లల ఏడుపులు. అయ్యవారు తన గొంతుతోనే మంత్రం చదువుతున్నాడు, ముక్కుతో. ఎవరో ఆడమనిషి విస్తళ్ళు చాలవని అరుస్తోంది. బసప్ప ఎవరినో వేళాకోళం చేస్తున్నాడు, అతను పోయి నాలుగేళ్ళయింది. కదిరమ్మ రెండు చేతులూ ఒళ్ళో ముడుచుకుని కూర్చుంది. ఆడే డిస్కును అన్నిసార్లు చూసింది కాబట్టి ఏది ఎక్కడ వస్తుందో ఆమెకు తెలుసు. తాళి అయింది. తలంబ్రాల పళ్ళెం వచ్చింది. ఇప్పుడు, ఈ స్తంభం పక్క నుంచి. తెల్లపంచె కనిపించింది. శ్రీరంగప్ప కెమెరా వైపు తిరిగాడు.

"ఏమే కదిరీ, అక్షింతలు యాడ పెట్టినావే."

వినపడింది. కానీ ఆ గొంతు కాదు. మాట మొదలవుతూనే చిరిగింది. కదిరీ అన్న పిలుపులో రీ అసలు పైకే రాలేదు, గాలి మాత్రం వచ్చింది. జరీ అన్నారే, అది లేదు. ఉన్నదంతా జీర.

"సౌండు సరిగా లేదు నాగేశ్వరా. చూడప్పా."

నాగేశ్వర పెంచాడు. సన్నాయి చెవులు కోసేలా వచ్చింది. పిల్లల మాటలు గలగలమంటున్నాయి. ఆ సందట్లో ఒక ఆడగొంతు నవ్వుతూ అంది, "మూడు దినాల్నించి పందిట్లో అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్యాడు. పాలల్లో మిరియాలేసిస్తా తాగమంటే వినడమ్మా ఈయప్ప." చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా నవ్వారు.

ఆ ఆడగొంతు తనదే. అట్లా అన్నట్టు కదిరమ్మకు గుర్తు లేదు. నిజంగా మూడు దినాలేనా అని ఇప్పుడు ఆలోచిస్తే, ఆ దసరా నుంచే అతను భజనలో పాట ఎత్తుకోవడం బసప్పకు వదిలేసినట్టు గుర్తొచ్చింది. వయసు మళ్ళింది, ఇంగొకరు పాడనీ అంటే నమ్మింది. చీరలు, సారె, పిలుపులు, ఆమె తల పెండ్లిపనుల్లో ఉంది. కండెలకు కేకలు తగ్గితే, పోనీలే నా పని నన్ను చేసుకోనిస్తున్నాడని సంతోషపడింది కూడా.

తెర మీద వేదిక ఖాళీ అయింది. పీటలు, చెల్లాచెదురుగా బియ్యం, వాలిన మామిడాకులు. బొమ్మ కదలడం లేదు.

"ఇది నేను బువ్వకు పోయినప్పుడిది వదినా. స్టాండు మీద అట్లే వదిలేసి పోయినా. మిక్సింగులో తీసేసింటారు. ముందుకు జరుపుతా ఉండు."

"వద్దప్పా. ఉండనీ."

ఎక్కడో పక్కనుంచి, బొమ్మలోకి రాకుండా, ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. ఒకటి బసప్ప గొంతు.

"దసరా నాటినించి చూస్తాండా రంగప్పా. ఇట్లే ఉండాది నీ గొంతు. యాడన్నా చూపించినావా?"

గిన్నెల చప్పుడు నడుమ జీర గొంతు పలికింది.

"చూపించినా. అనంతపురంలో. లోపల గడ్డ ఉండాదంట. ఆ పొద్దే బెంగళూరు పొమ్మన్యారు."

"ఎప్పుడు చూపించింది?"

"మూడు నెల్లు దాటె."

"పోకుండా ఏం చేస్తాండావప్పా మరి?"

"లగ్నపత్రిక రాసుకుంటిమి గదా. గడ్డ అంటే కదిరి ఊరుకుంటాదా? పిల్ల పీటల మీద కూచుంటాదా? దాని పెండ్లి కానీ బసప్పా, పదారు దినాల పండగ గూడా కానీ, పోతా. కదిరికి చెప్పద్దు. నా మీద ఒట్టు."

నాగేశ్వరే తెప్పరిల్లి మిషనును ఆపాడు. ఆపి, అంగడిలోకి ఎవరో వచ్చినట్టు గొణిగి బయటికి పోయాడు. ఎవరూ రాలేదని ముగ్గురికీ తెలుసు.

కదిరమ్మ మొగుడి వైపు తిరిగింది. అతను మూట మీద కూర్చుని నేల చూస్తున్నాడు. మెడమీది గుడ్డ ఊపిరికి లేస్తూ పడుతూ ఉంది. మాట పోయిన ఈ పద్నాలుగేళ్ళూ ఒకే కంచంలో తిన్నంత దగ్గరగా బతికింది అతనితో. పెదాలు చదివింది, దవడ చదివింది, వీపు కూడా చదివానని మురిసింది. ఇది మాత్రం ఆమె కంట పడలేదు. ఆమెకు పిచ్చికోపం వచ్చింది, అతని కాళ్ళ మీద పడి ఏడవాలనీ అనిపించింది.

"నాకు చెప్పింటే పెండ్లి ఆపేసేదాన్ని గదయ్యా. ఒక ఏడు ఆగితే ఏమయ్యేది. పిల్ల ఆగేది, వాళ్ళు ఆగేవాళ్ళు. నీ గొంతు నీకుండేది గదా."

అతను తలెత్తాడు. పెదాలు నెమ్మదిగా కదిలాయి.

"అందుకే చెప్పలే."

ఆమె అతని భుజం పట్టుకుని ఊపింది, కొట్టింది, చివరికి ఆ భుజం మీదే తల పెట్టి ఏడ్చింది. అతని చేయి ఆమె వీపు మీద ఉండిపోయింది. ఏడుపు కాస్త నెమ్మదించాక అతను ఆమె మొహం పైకెత్తి, తన పెదాలు కనిపించేలా పట్టుకున్నాడు. "సునందకు వద్దు" అన్నాడు.

అప్పుడు తెలిసింది ఆమెకు, బయలుదేరే ముందు ఈ డిస్కు వద్దు వద్దని అతను ఎందుకు పోరాడాడో. బసప్పతో మాటలు కెమెరా పట్టిందని అతనికీ తెలియదు. కానీ పెండ్లినాటి తన గొంతు ఎట్లా ఉండేదో అతనికి తెలుసు. వినేది నర్సు. ఒక్క పిలుపు వింటే చాలు, మాఘం నుంచి వెనక్కి వేళ్ళు మడిచి లెక్క కడుతుంది. ఆ ఆరునెలలు ఎక్కడికి పోయాయో, ఎవరి పెండ్లి కోసం పోయాయో లెక్క తేలిపోతుంది. ఆ తర్వాత ఆ పిల్ల తన మెడలో తాళిని ఎట్లా చూసుకుంటుంది.

కదిరమ్మ లేచి మొహం తుడుచుకుంది. బయట నిలబడ్డ నాగేశ్వరను పిలిచింది.

"నీ ఫోన్లో ఎక్కింది తీసేయప్పా."

"మొదట్లో బాగానే ఉండాది గదా వదినా. అన్న పిలిచే తావు మట్టుకు కత్తిరించి పంపిస్తా. పాపం, ఆ పిల్ల అడుగుతాండాది."

"ఆ ముక్క గూడా వద్దు. నా ముందరే తీసేయి."

నాగేశ్వర ఆమె చూస్తుండగానే తీసేశాడు. మిషనులోంచి డిస్కును బయటికి తీసి ఆమె చేతిలో పెట్టాడు. దాన్ని మూయనా అని అతనూ అడగలేదు, మూయమని ఆమె కూడా అనలేదు.

బస్టాండులో నీడ పట్టున కూర్చున్నాక ఫోను మోగింది. సునంద పొద్దున్నుంచి డ్యూటీలో ఉండి కూడా మూడుసార్లు చేసింది. కదిరమ్మ కాసేపు మోగనిచ్చి ఎత్తింది.

"అమ్మా, మిషను దొరికిందా? ఆడిందా?"

"దొరికింది పాపా. ఆడలేదు."

"ఒక్క ముక్క గూడానా?"

"ఒక్క ముక్క గూడా రాలే. డిస్కే పాడైపోయినట్టుండాది. అంతా అయిపోయింది, ఇంగ దాని జోలికి పోవద్దమ్మా."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. శ్రీరంగప్ప భార్య మొహం వైపే చూస్తున్నాడు.

"నాకైతే గుర్తు లేదమ్మా. నీకన్నా గుర్తుండాదా నాయన గొంతు?"

"ఉండాది."

"ఎట్లుండేది? నా పెండ్లిలో అందర్నీ పిలుస్తా తిరిగినాడు గదా. ఆపొద్దు ఎట్లుండేదో చెప్పమ్మా."

"బాగుండేది పాపా" అంది కదిరమ్మ. "ఆపొద్దు శానా బాగుండేది."